డయాలసిస్ రోగికి రక్తహీనత: ఇంటివాళ్లు గమనించవలసినవి

డయాలసిస్ మీద ఉన్న మనిషి రెండో అంతస్తుకు ఎక్కుతూ మధ్యలో ఆగి ఆయాసపడితే, ఈ జబ్బులో నీరసం మామూలేనని సరిపెట్టుకుంటాం. ఆ నీరసంలో చాలాసార్లు రక్తహీనత పాలు ఉంటుంది, దానికి వైద్యమూ ఉంది. ఎర్రకణాల తయారీకి కావలసిన ఎరిత్రోపోయిటిన్ హార్మోను ప్రధానంగా మూత్రపిండాల నుంచే వస్తుంది. అవి దెబ్బతిన్నాక ఆ హార్మోను తగ్గుతుంది, పైగా డయాలసిస్ జరిగిన ప్రతిసారీ ఫిల్టరులోనూ గొట్టాల్లోనూ కొంత రక్తం మిగిలిపోతుంది.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. నెలనెలా హిమోగ్లోబిన్‌ను, సుమారు మూడు నెలలకోసారి ఒంట్లో ఇనుము ఎంత ఉందో చెప్పే ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అంకెలను అందులో రాయండి. ఇనుము నిల్వ చాలకపోతే, హార్మోను లోటు తీర్చడానికి వేసే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షను ఎంత ఇచ్చినా ఫలితం అంతంతమాత్రమే. ఎదుటి పేజీలో, ఆ వారం బీచ్ రోడ్డులో ఎంత దూరం నడిచారో, స్నానం చేశాక పడుకోవలసి వచ్చిందో లేదో రాయండి; డాక్టరుగారికి అంకెలతోపాటు ఈ పేజీ కూడా చూపించాలి. పలాసలో కొన్నాళ్లు, విశాఖలో కొన్నాళ్లు డయాలసిస్ చేయించుకునే ఉద్దానం రోగులకు ఈ పుస్తకం మరీ అవసరం.

హిమోగ్లోబిన్‌ను సాధారణంగా డెసిలీటరుకు 10 నుంచి 11.5 గ్రాముల మధ్య ఉంచుతారు. ఎక్కువైతే మరీ మంచిదనుకోవడం పొరపాటు, ఎందుకంటే మందుతో 13 దాటిస్తే పక్షవాతం, రక్తం గడ్డకట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. ఈ ఇంజెక్షను రక్తపోటును కూడా పెంచగలదు కనుక, వేసే ముందు బీపీ చూడమని అడగండి.

ఈ ఇంజెక్షను మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మహారాణిపేటలో కొని ఎండలో ఆటో ఎక్కి గాజువాక వెళ్లేవారు ఐసుపెట్టె వెంట తెచ్చుకోవాలి, అయితే సిరంజిని గుడ్డలో చుట్టి, ఐసుకు నేరుగా తగలకుండా పెట్టాలి. గడ్డకట్టిన మందు పనికిరాదు. దాన్ని కుదపకూడదు కూడా.

పరామర్శకు వచ్చినవాళ్లు రక్తం పడుతుందని దానిమ్మ రసం, ఖర్జూరాలు, బీట్‌రూట్ తెస్తారు. వారి ప్రేమను కాదనలేం గానీ, వాటిలోని పొటాషియం ఒంట్లో పేరుకుంటే గుండె లయ తప్పవచ్చు, కాబట్టి డైటీషియన్‌ను అడగనిదే పెట్టవద్దు. ఇనుము కావాలంటే డయాలసిస్ జరుగుతుండగానే నరం ద్వారా ఎక్కించవచ్చు.

కిడ్నీ మార్పిడికి ఎదురుచూస్తున్నవారు రక్తం ఎక్కించే ముందు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఎక్కించిన రక్తం వల్ల శరీరంలో యాంటీబాడీలు పుట్టి, తర్వాత సరిపడే కిడ్నీ దొరకడం కష్టం కావచ్చు. విరేచనం నల్లగా అయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, వచ్చే డయాలసిస్ దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.