కడియం నుంచి ఆమ్‌స్టెల్వేన్‌కి: వచ్చినవాళ్ళను ఎలా తిప్పాలి

మా అమ్మానాన్నలు మొదటిసారి నెదర్లాండ్స్ వచ్చినప్పుడు నేను ఎక్సెల్ షీట్ వేశాను. పందొమ్మిది రోజుల్లో పదిహేడు ఊళ్ళు. నాలుగో రోజు బ్రస్సెల్స్‌లో అమ్మ ఒక బెంచీ మీద కూలబడి, "నా వల్ల కాదే, మీరెళ్ళి చూసి రండి" అంది. చంటాడు స్ట్రాలర్‌లో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నాన్నకి టాయిలెట్‌కి వెళ్ళాలి, మా ఆయన దగ్గర చిల్లర లేదు. ఆ షీట్ ఇంకా ల్యాప్‌టాప్‌లో ఉంది గానీ ఎవరికీ చూపించను.

ఆ తర్వాత అత్తయ్యగారూ మామయ్యగారూ ఒకసారి వచ్చారు, అమ్మానాన్నలు రెండోసారి వచ్చారు. మధ్యమధ్యలో జర్మనీలో చదువుకునే తమ్ముళ్ళు వీపున బ్యాగులతో దిగుతూనే ఉంటారు. మేముండేది ఆమ్‌స్టర్‌డామ్‌ని ఆనుకుని ఉన్న ఆమ్‌స్టెల్వేన్‌లో. పెద్దదానికి ఏడేళ్ళు, చంటాడికి నాలుగు నిండబోతున్నాయి. దెబ్బలు తిని నేర్చుకున్న సంగతులు ఇవి. మీ ఊరు వేరైతే పేర్లు మార్చుకోండి.

టికెట్ కొనకముందు

నెదర్లాండ్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ విజిటర్ వీసా అంటే ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజూ, తిరుగు విమానం ఎక్కిన రోజూ రెండూ లెక్కే. "మూడు నెలలే కదా" అని జులై ఒకటిన వచ్చి సెప్టెంబరు ముప్పైన వెళ్ళేలా టికెట్ తీస్తే 92 రోజులవుతాయి. వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

మన ఇంట్లోనే దిగుతారు, ఖర్చు మనదే అంటే గారంట్‌స్టెలింగ్ అనే ఫారం ఉంటుంది. దాన్ని తీసుకుని ఇక్కడి మున్సిపాలిటీ ఆఫీసుకి, అంటే ఖెమేంతేకి వెళ్ళి, వాళ్ళ ఎదురుగా సంతకం చేసి ముద్ర వేయించుకోవాలి. నేను అంతా చేసి, స్కాన్ తీసి నాన్నకి వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకున్నాను. కావలసింది ఒరిజినల్. అది కొరియర్‌లో కడియం చేరేసరికి హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ తేదీ దాటిపోయింది. తప్పు పూర్తిగా నాదే. ఫారం మీదే రాసి ఉంది, నేను చదవలేదు.

ఏ నెలలో రమ్మనాలి? పూలు చూడాలంటే ఏప్రిల్ మధ్య. చలి పడనివాళ్ళైతే జూన్. కాకపోతే జూన్‌లో రాత్రి పదింటికి గానీ పొద్దు గుంకదు. మామయ్యగారు వారం రోజులపాటు భోజనానికి కూర్చునే ముందు కిటికీ వైపు చూసి "ఇంకా సాయంత్రమే కదమ్మా" అంటూనే ఉన్నారు. డిసెంబరులో మాత్రం వద్దు. నాలుగున్నరకే చీకటి, ఆపైన ముసురు. పెద్దవాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని ఊరికి ఫోన్లు చేసుకోవడమే అవుతుంది.

సామాను సంగతి. యూరప్‌లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు సంచుల్లో తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి అన్నీ ఇంటి దగ్గరే వదిలెయ్యాలి. కరివేపాకు, మామిడికాయలు కూడా కాగితాలు లేకుండా రానివ్వరు. చిత్రంగా కొబ్బరికాయకి మాత్రం అభ్యంతరం లేదు. ఆవకాయ, గోంగూర, కారప్పొడి, ఎండు ఒడియాలు హాయిగా తెచ్చుకోవచ్చు. అత్తయ్యగారు చీర మడతల్లో పెట్టి తెచ్చిన రెండు కిలోల నెయ్యి ఎయిర్‌పోర్ట్‌లోనే ఉండిపోయింది. ఆ బాధ ఇప్పటికీ మా ఫోన్ కాల్స్‌లో వస్తుంటుంది. ఇక్కడ వెన్న చవక, ఇంట్లో కాచుకుంటే బ్రహ్మాండమైన నెయ్యి అవుతుందని ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

ఇంగ్లిష్ రాదని భయపడే వాళ్ళకి టికెట్‌తోపాటు వీల్‌చెయిర్ సాయం అడగండి. విమానం మారే చోట చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేవాళ్ళు ఉంటే సగం టెన్షన్ పోతుంది. బీపీ, షుగర్ మందులు పూర్తి రోజులకు సరిపడా, డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి.

ఇల్లు అలవాటు చేయడం

దీనికి రెండు రోజులు పూర్తిగా కేటాయించండి. ఊరు చూపించడం కంటే ఇదే కష్టం. డచ్చి ఇళ్ళలో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే కింది గదిలో మంచం వేసెయ్యండి. బాత్రూమ్‌లో షవర్ ఉన్న చోట తప్ప నీళ్ళు పోయే దారి ఉండదు. అది చెప్పకపోతే మొదటి రోజే హాల్లోకి వరద. మగ్గు కొని పెట్టండి, వాళ్ళు అడిగేదాకా ఆగకండి.

వంటింట్లో ఇండక్షన్ స్టవ్. మంట కనిపించని పొయ్యిని అమ్మ అసలు నమ్మలేదు. పైగా ఆన్, లాక్ గుర్తులన్నీ నల్ల గాజు మీద ఒక్కలాగే ఉంటాయి. అమ్మే తన బొట్టుబిళ్ళల అట్ట తెచ్చింది. ఆన్ మీద పెద్ద ఎర్రబిళ్ళ, మంట పెంచడానికి చిన్న ఎర్రది, తగ్గించడానికి నల్లది. లాక్ మీద నామం బిళ్ళ. ఆ పూట నుంచే మా ఇంట్లో ఇడ్లీ, పెసరట్టు, మధ్యాహ్నం చారు. బిళ్ళ పెట్టినా నొక్కితే పని చేస్తుంది, అనుమానం వద్దు. ఊరి నుంచి అల్యూమినియం కుక్కర్ మాత్రం మోయించకండి, ఇండక్షన్ మీద వేడెక్కదు.

జాకెట్లు హైదరాబాద్‌లో కొనిపించకండి. అక్కడ దొరికే ఉన్నిబట్టలు చలికి ఆగుతాయి గానీ ఇక్కడ గాలీ వానా కలిసి కొడతాయి. పాత సామాన్లు అమ్మే క్రింగ్‌లోప్ దుకాణంలో గాలి చొరని జాకెట్లు తక్కువకే దొరుకుతాయి. అతిథుల కోసం నాలుగు కొని పెట్టెలో పెట్టుకున్నాం. చీర మీద జాకెట్, కాళ్ళకి స్పోర్ట్స్ షూ. మొదటి రోజు సిగ్గుపడతారు, రెండో రోజు నుంచి విప్పరు.

ఎక్కడికి, ఎంతసేపు

ఇప్పుడు మా పద్ధతి ఒక రోజు బయట, ఒక రోజు ఇంట్లో. బయటికి వెళ్ళినా ఒక్కటే చోటు. చంటాడి నిద్రకీ, పెద్దవాళ్ళ కాళ్ళకీ ఒకే టైమ్‌టేబుల్ సరిపోతుందని ఆలస్యంగా తెలిసింది. ఇద్దరూ పొద్దున హుషారు, ఒంటిగంటకి తిండి, రెండింటికి కునుకు.

అన్నం మనం మోసుకెళ్ళాల్సిందే. ఇక్కడివాళ్ళు మధ్యాహ్నం చల్లటి బ్రెడ్డూ చీజూ తిని ఊరుకుంటారు. పులిహోర, దద్దోజనం, చపాతీ చుట్టలు, ఒక ఫ్లాస్కు టీ చాలు. టాయిలెట్‌కి చాలాచోట్ల డబ్బు కట్టాలి, కొన్నిచోట్ల కార్డే తీసుకుంటారు. ఒక కార్డు నాన్న జేబులో పెట్టండి. బయల్దేరే ముందు బ్యూనరాడార్ యాప్‌లో వాన చూసుకోండి. మరో గంటలో ఆగేదా, రోజంతా పట్టుకునేదా తెలిసిపోతుంది.

దూరం అక్కర్లేదు. మా ఇంటి పక్కనే ఆమ్‌స్టర్‌డామ్స్ బోస్ ఉంది. చూస్తే అడవే గానీ, 1930లలో పని లేనివాళ్ళకి పని కల్పిస్తూ మనుషులతో తవ్వించి నాటించినది. అందులో మేకల ఫామ్ ఒకటి. పాలసీసా కొనుక్కుని పిల్లమేకలకి పట్టించవచ్చు. చంటాడికి ఎంత పండగో అమ్మకీ అంతే. అదే అడవిలో జపాన్ మహిళల క్లబ్బు 2000లో ఇచ్చిన 400 చెర్రీ చెట్లున్నాయి. ఏప్రిల్ మొదట్లో పూస్తాయి, ఆ వారం పది రోజుల్లోనే చూడాలి.

ఊళ్ళోకి 5వ నంబరు ట్రామ్. మ్యూజియంల దగ్గర దిగొచ్చు. రైక్స్‌మ్యూజియంలో పద్దెనిమిది లోపు పిల్లలకి టికెట్ లేదు, వాన్ గో మ్యూజియంకి టైమ్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. నిజం చెప్పాలంటే మా వాళ్ళకి రెండిటికంటే సెంట్రల్ స్టేషన్ వెనక ఉండే పడవ నచ్చింది. అవతలి ఒడ్డుకి ఐదు నిమిషాలు, పూర్తిగా ఉచితం. సైకిళ్ళు కూడా ఎక్కించుకుంటుంది. నాన్న రెండుసార్లు వెళ్ళొచ్చాడు, కోటిపల్లి రేవు గుర్తొచ్చిందట. ట్రామ్‌లో, రైల్లో కార్డు ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా చూపించాలి. మరిచిపోతే అదనంగా పడుతుంది. మేం ఇంట్లో తలుపు దగ్గర "ఎక్కితే టింగ్, దిగితే టింగ్" అని ప్రాక్టీస్ చేయించాం, పెద్దదే టీచరు.

కూకెన్‌హాఫ్ పూలతోట మార్చి చివర నుంచి మే నెల సగం వరకే. 32 హెక్టార్లలో దాదాపు 70 లక్షల దుంపలు ఏటా చేత్తో నాటతారు. టికెట్ ముందే కొనండి, పొద్దున్నే వెళ్ళండి, శనాదివారాలు వద్దు. కానీ నాన్న ఎక్కువసేపు ఆగింది తోటలో కాదు, బయటి పొలాల గట్టున. అక్కడ ఒక మెషీన్ విరగబూసిన తులిప్ తలల్ని టకటకా కోసి మడిలో పారేస్తోంది. నేను అయ్యో అన్నాను. నాన్న నవ్వాడు. "దుంప ఊరాలంటే పువ్వు తీసెయ్యాలి కదమ్మా. వీళ్ళు అమ్మేది దుంప."

నాన్నకి కడియపులంకలో నర్సరీ ఉంది. అందుకే రెండోసారి వచ్చినప్పుడు ఇద్దరమే, పిల్లల్ని వదిలేసి, ఆల్స్‌మేర్ పూల వేలానికి వెళ్ళాం. వెళ్ళేముందు ఏ రోజుల్లో చూడనిస్తారో వెబ్‌సైట్‌లో చూసుకోండి. పొద్దున ఏడింటికల్లా అక్కడుండాలి, తొమ్మిది దాటితే హడావుడి తగ్గిపోతుంది. విస్తీర్ణంలో ప్రపంచంలోనే అతి పెద్ద భవనాల్లో అదొకటి. పైన నడకదారి, కింద గులాబీలూ చేమంతులూ నింపిన బళ్ళు ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా పోతుంటాయి. తెర మీద గడియారం లాంటి వలయం. ధర పైనుంచి మొదలై కిందికి జారుతుంది, ఎవరు ముందు బటన్ నొక్కితే సరుకు వాళ్ళది. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాట పెరగాలి గానీ తగ్గుతుందేంటమ్మా" అన్నాడు. ఇంకో పది నిమిషాలకి తనే తేల్చాడు. "తెలివైన పద్ధతే. మన దగ్గర బేరం అయ్యేలోపు బంతిపూలు వాడిపోతాయి." ఇంటికొచ్చాక ఆ చక్రాల బండి ఫొటోలు కడియంలో అందరికీ పంపాడు. మూడు వారాల టూరులో అన్నిటికంటే తక్కువ ఖర్చయిన రోజు అదే.

కాబట్టి ముందు వచ్చేవాళ్ళు ఇంటి దగ్గర ఏం చేస్తారో ఆలోచించండి, తర్వాతే మ్యాప్ తియ్యండి. వ్యవసాయం, కాలువలు తెలిసినవాళ్ళైతే క్రూకియస్ పంపింగ్ స్టేషన్ చూపించండి. ఒకప్పుడు ఇక్కడ పెద్ద సరస్సు. మూడు ఆవిరి యంత్రాలు పెట్టి దాన్ని తోడేసి 1852కి నేల చేశారు. స్కిపోల్ ఎయిర్‌పోర్ట్ ఆ సరస్సు అడుగునే, సముద్రమట్టానికి మూడు మీటర్ల కింద ఉంది. పన్నెండడుగుల వెడల్పు సిలిండర్ ముందు నిలబడి నేను ఇదంతా చెబుతుంటే, ధవళేశ్వరం ఆనకట్ట కూడా 1852లోనే పూర్తయిందని నాన్న అందుకున్నాడు. కాటన్ దొర పొలాల్లోకి నీళ్ళు తెచ్చిన ఏడే, వీళ్ళు నీళ్ళు తోడి పొలాలు తెచ్చారన్నమాట.

పిల్లలకి ద హేగ్‌లో మధురోదామ్ ఉంది. దేశమంతా ఇరవై అయిదో వంతు సైజులో బొమ్మలుగా కనిపిస్తుంది. అదే ఊళ్ళో, దక్షిణ అమెరికాలో ఒకప్పుడు డచ్చివాళ్ళ వలసగా ఉన్న సూరినామ్ వాళ్ళ రోటీ హోటళ్ళు ఉంటాయి. 1873 నుంచి ఉత్తరాది కూలీలు సూరినామ్ చెరకు తోటలకి వెళ్ళారు, వాళ్ళ మనవలు ఇప్పుడిక్కడ. అమ్మ తన దూరదర్శన్ హిందీతో, వంట చేసే పెద్దావిడ తన సర్నామీతో (సూరినామ్‌లో మనవాళ్ళు మాట్లాడే హిందీలాంటి భాష), బొబ్బర్లకాయ కూర ఎలా వండాలో పావుగంట చెప్పుకున్నారు.

మనం ఆఫీసులో ఉన్నప్పుడు

పగళ్ళు గడవడమే పెద్దవాళ్ళకి కష్టం. ఒక తాళంచెవి, ఒక ట్రామ్ దారి, ఒక బెంచీ. మొదటి వారంలో ఈ మూడూ వాళ్ళ సొంతం కావాలి. ఇంటి అడ్రస్ రాసిన కాగితం జేబులో ఉండాలి. పెద్దదాన్ని స్కూల్ నుంచి తీసుకొచ్చే పని నాన్నకి ఇచ్చాం. మీరూ ఇవ్వాలనుకుంటే టీచరుకి ముందే చెప్పండి, లేకపోతే కొత్త మనిషితో పంపరు. రెండు వారాల్లో గేటు దగ్గర తాతయ్యకి నేను ఎరగని స్నేహితులు తయారయ్యారు.

తమ్ముళ్ళ బ్యాచ్‌కి ఇవేవీ అక్కర్లేదు. గాలి పరుపు, వైఫై, పప్పన్నం. కాకపోతే ఎన్ని రాత్రులో ముందే అడగండి, మొహమాటపడితే వారం అవుతుంది. ఇక "మధ్యలో ఆరు గంటలు ఆగుతున్నాం, ఇంటికొస్తాం" అనే బంధువులకి షెంజెన్ వీసా లేకపోతే ఇండియన్ పాస్‌పోర్ట్‌తో ఎయిర్‌పోర్ట్ దాటి రాలేరని చెప్పెయ్యండి. లేదంటే మీరు వంట చేసుకుని ఎదురుచూస్తారు.

వచ్చే ఏప్రిల్‌లో అత్తయ్యగారు వస్తున్నారు. జాకెట్ల పెట్టె దింపాను, వెన్న కాచాను. మంగళవారం ఖెమేంతేలో అపాయింట్‌మెంట్. ఒరిజినల్ అదే రోజు కొరియర్‌లో వేస్తాను.