సగం రాయి, సగం నవారు: ఎండకీ ఉప్పుగాలికీ నిలిచే బెంచి ఎలా చేయించుకోవాలి?

నాలుగేళ్ల కిందట కావలిలో మా డాబా మీదకి ఒక బెంచి చేయించాను. పైన చీమకుర్తి నల్లరాయి, అద్దంలాంటి పాలిష్, కింద సన్నటి ఇనుప కాళ్లు. ఫొటో తీసి చూపిస్తే ఏదో పెద్ద హోటల్ లాన్‌లోది అనుకున్నారు. ఏప్రిల్ నెలాఖరులో ఓ సాయంత్రం మా అమ్మ వడియాలు ఎత్తడానికి పైకొచ్చి, కాసేపు నడుం వాల్చుదామని దాని మీద కూర్చుంది. కూర్చున్నంత వేగంగా లేచింది. "ఏందిరా ఇది, పెనం మీద కూర్చోబెట్టావే!" అంది. రాత్రి ఎనిమిదైనా రాయి వేడి వదల్లేదు. ఆ ఏడు వానలు వెళ్లేసరికి కాళ్ల అతుకుల దగ్గర తుప్పు పొరలుపొరలుగా లేచింది.

తప్పు రాయిది కాదు, ఇనుముదీ కాదు. ఏది ఎక్కడ పెట్టాలో నేను చూసుకోలేదు. మన నెల్లూరు, ప్రకాశం వైపు ఆరుబయట వేసే సామానుకి పరీక్ష పెట్టేవి రెండే: రోహిణీ కార్తె ఎండ, సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి. బొమ్మ గీసేముందే ఆ రెండింటికీ సమాధానం ఉండాలి. రెండోసారి అలా ఆలోచించి చేయించిందే ఈ బెంచి. కూర్చునే చోట గాలి ఆడే నవారు, టీ గ్లాసు పెట్టుకునే చోట నల్లరాయి. మన నవారు మంచాన్నీ, మన చీమకుర్తి రాయినీ ఒకే చట్రంలో కూర్చడమే ఇందులో కొత్తదనం. అల్లిక సీటంటే పాతకాలం వ్యవహారమని కొందరు మొహం చిట్లిస్తారు. 1950లలో చండీగఢ్ కార్యాలయాల కోసం పియరీ జెనరె అనే స్విస్ ఆర్కిటెక్టు టేకు చెక్కకి కేన్ అల్లించి చేయించిన కుర్చీలు ఈనాడు విదేశీ వేలాల్లో లక్షలు పలుకుతున్నాయని చెప్పండి వాళ్లకి.

ముందు చోటు

బెంచి వేయబోయే చోట మధ్యాహ్నం మూడింటికి ఓసారి నిలబడి చూడండి. అక్కడ వేపచెట్టు నీడో, గోడ నీడో, సరుగుడు గుంజలతో వేసిన పందిరో ఉంటే పని సగం అయినట్టే. పూర్తిగా ఎండలో ఉండే డాబా అయితే రాయి వైపుని పడమటి ఎండ తగలని దిక్కుకి పెట్టాలి. మా కొత్త బెంచి వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. ఆకు రాలుతుంది, కాకి రెట్ట పడుతుంది, అయినా అదే మంచి చోటు.

కొలతలు

మొత్తం పొడవు 62 అంగుళాలు, వెడల్పు 18, నేల నుంచి ఎత్తు 17. ఈ పొడవులో 42 అంగుళాలు నవారు భాగం, 18 అంగుళాలు రాయి భాగం, మధ్యలో 2 అంగుళాల సందు. ఎత్తు 17 దాటించకండి, కాళ్లు పొట్టిగా ఉన్నవాళ్లకి మడమలు నేలకి ఆనవు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లే ఎక్కువగా వాడతారంటే మాత్రం 18 ఉంచండి, లేవడం సులువవుతుంది.

ఆ సందు ఎందుకంటే, నవారు చుట్టడానికి ఒక అడ్డపైపు, రాయి ఆనడానికి ఇంకో అడ్డపైపు విడివిడిగా ఉండాలి. వెల్డింగ్ షాపులో ముందుగా వచ్చే సలహా ఇక్కడే వస్తుంది. "రెండెందుకన్నా, ఒక పైపుతో సరిపెడదాం" అంటాడు. ఒప్పుకోవద్దు. ఒకే పైపయితే నవారు మీద రాయి అంచు కూర్చుని, కొన్నాళ్లకి కత్తిలా కోసేస్తుంది.

చట్రం

ఒకటిన్నర అంగుళాల చదరపు పైపు, 2 మిల్లీమీటర్ల మందం తీసుకోండి. అంతకంటే పలచనిది వెల్డింగ్ వేడికే చిల్లులు పడుతుంది. మొత్తం 24 అడుగుల దాకా పడుతుంది. పైపు 20 అడుగుల నిడివిలో వస్తుంది కాబట్టి రెండోది తీసుకోక తప్పదు. మిగిలిన ముక్కతో ఒక స్టూలు చేయించుకోవచ్చు.

పొడవునా రెండు పట్టెలు, రెండు చివర్లలో అడ్డపైపులు, మధ్యలో సందు కోసం రెండు, రాయి కింద ఇంకొకటి. ఇవి కాక నవారు భాగం నడిమధ్యన పట్టెల అడుగు నుంచి నాలుగంగుళాలు కిందికి దించి ఒక అడ్డపట్టీ వేయించాలి. నవారు బిగిసినప్పుడు రెండు పట్టెల్నీ లోపలికి లాగుతుంది. ఈ పట్టీ లేకపోతే ఆరు నెలల్లో చట్రం మధ్యలో నడుం సన్నబడ్డట్టు అవుతుంది. కిందికి దించమన్నది కూర్చున్నప్పుడు తొడలకి తగలకుండా.

అతుకులు చుక్కలు చుక్కలుగా కాక చుట్టూతా పూర్తిగా వెల్డ్ చేయించండి. పైపు లోపలికి నీరు దిగే దారి ఉండకూడదు. కాళ్ల అడుగున రబ్బరు బుష్ వేస్తారు, దానికి చిన్న చిల్లు పెట్టించండి. లేకపోతే లోపల చేరిన చెమ్మ ఆ బుష్‌లోనే నిలిచి కాలుని కింది నుంచి తినేస్తుంది. మా మొదటి బెంచి కాళ్లు పోయింది అలాగే.

రంగు

దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన తీరం పక్కన బెంచి ఎన్నాళ్లుంటుందన్నది రంగే తేలుస్తుంది. ఎర్ర ఆక్సైడ్ ఒక కోటు కొట్టి పైన ఎనామిల్ వేసేస్తే లోపలి గదుల్లో చాలు, ఉప్పుగాలికి చాలదు. వెల్డింగ్ చేసిన చోట ఉండలు, చిటపటలు గ్రైండర్‌తో పూర్తిగా తీయించి, తుప్పు, నూనె లేకుండా థిన్నర్ గుడ్డతో తుడిచి, రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. కలిపింది కొన్ని గంటల్లో గట్టిపడిపోతుంది, ఎంత కావాలో అంతే కలపాలి. ఎపాక్సీ ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. అందుకే దాని మీద పీయూ (పాలీయురెథేన్) పెయింట్ రెండు కోట్లు తప్పనిసరి. లేత రంగు వేయించండి, నలుపు ఎంత సొగసుగా ఉన్నా సరే.

జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపు, వాడినా మంచిదే. కాకపోతే వెల్డ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది. ఆ చోట్ల జింకు ఎక్కువగా ఉండే ప్రైమర్ విడిగా పూయాలి. కాలే జింకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, ఆ పని ఆరుబయటే చేయమనండి. స్టెయిన్‌లెస్ స్టీల్ వైపు వెళ్లేవాళ్లు సముద్రానికి దగ్గరలో ఉంటే 304 రకం కాకుండా 316 అడగండి. అందులో మాలిబ్డినం కలుస్తుంది, ఉప్పుని తట్టుకునేది అదే.

మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. రంగు పని ఫిబ్రవరి, మార్చిలో పెట్టుకుంటే గాలిలో చెమ్మ తక్కువ, ఎండ ముదరదు.

రాయి ఎంపిక

చీమకుర్తి రాయిని ప్రపంచమంతా బ్లాక్ గెలాక్సీ అంటుంది. వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, భూగర్భశాస్త్రం ప్రకారం ఇది గాబ్రో జాతిది. నల్లటి ఒంటి మీద మినుకు మినుకుమనే ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. మనకి కావలసింది 18 అంగుళాల చదరం ముక్క. ఒంగోలు, చీమకుర్తి చుట్టుపక్కల కటింగ్ యూనిట్లలో వంటగట్లకి కోయగా మిగిలిన ముక్కలు పక్కన పేర్చి ఉంటాయి. కొత్త పలక కొనాల్సిన పనే లేదు.

ముక్కని ఎలా చూడాలో ఒక పాత మేస్త్రీ నాకు చూపించాడు. చెంబుడు నీళ్లు దాని మీద పోసి, చీపురుతో తోసేసి, పక్కన నిలబడ్డాడు. రెండు నిమిషాల్లో పైనున్న తడి ఆరిపోయింది. ఒక మూల నుంచి మాత్రం వెంట్రుకంత గీత ఇంకా తడిగానే, నల్లగా కనిపిస్తోంది. "అది పగులు సార్, ఈరోజు కనిపించదు, గ్లాసు పడినరోజు కనిపిస్తుంది" అన్నాడు. తర్వాత రూపాయి బిళ్లతో తట్టాడు. మంచి ముక్క టంగుమంది, పగులున్నది డబ్బుమని మూగగా మోగింది.

మందం 18 మిల్లీమీటర్లు చాలు. చదరపు అడుగుకి దాదాపు 5 కిలోలు తూగుతుంది, అంటే మన ముక్క 11 కిలోలు. పాత బెంచిలో రాయే 37 కిలోలు ఉండేది, డాబా కడగాలంటే నలుగురు కావాల్సి వచ్చేది. ఇప్పుడు మొత్తం బెంచి కలిపినా 30 కిలోలకి లోపే, ఇద్దరు ఎత్తి పక్కన పెట్టేస్తారు. అంచులు గుండ్రంగా తిప్పించి పాలిష్ చేయించండి. పదునైన అంచుకి పిల్లల మోకాలు తగిలిందంటే మీకు రెండు రోజులు మనశ్శాంతి ఉండదు. మెరుపు వద్దనుకుంటే లెదర్ ఫినిష్ అడగండి, వేలిముద్రలు కనిపించవు. మార్కాపురం పలక వేస్తే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. చూడ్డానికి బాగుంటుంది, గోడలకి బ్రహ్మాండం. కానీ అది పొరలు పొరలుగా ఉండే రాయి, వస్తువులు పెట్టి తీసే చోట అంచు పెచ్చులు లేస్తుంది.

రాయిని సిమెంటుతో అతికించకండి. ఇనుము ఎండకి సాగుతుంది, రాయి అంతగా సాగదు, సిమెంటు ఊడిపోతుంది. చట్రం మీద అక్కడక్కడా సిలికాన్ జిగురు చుక్కలు పెట్టి మెల్లగా దించి, ఒక రోజు కదలకుండా వదిలేయండి. ఈ పని అన్నిటికంటే ఆఖర్న, నవారు అల్లిక అయ్యాక.

నవారు అల్లిక

రెండంగుళాల వెడల్పు ప్లాస్టిక్ నవారు తీసుకోండి. నూలు నవారు వానకి కుళ్లుతుంది, నైలాన్ తడిస్తే సాగుతుంది. లెక్కకి 35 మీటర్లు పడుతుంది, ముడులకీ తరుగుకీ కలిపి 40 తెచ్చుకోండి.

ముందు పైపుల మీద చెయ్యి పెట్టి నిమరండి. ఎక్కడైనా గరుకు తగిలితే ఆకురాయితో రుద్దండి, ఎందుకంటే నవారు తెగేది అక్కడే. ఒక మూల అడుగున కొస ముడివేసి, అడ్డంగా పట్టె నుంచి పట్టెకి చుట్టుకుంటూ రండి. పందొమ్మిది చుట్లు పడతాయి. ఒకరు లాగాలి, ఒకరు పట్టె మీద బొటనవేలితో నొక్కిపట్టాలి. ఒంటరిగా చేయకండి, నేను చేశాను, మళ్లీ విప్పాను. అడ్డం వరసలు గట్టిగా ఉండాలి గానీ వీణ తీగల్లా బిగించొద్దు. అలా బిగిస్తే నిలువు వరస దూరదు. నిలువుది ఒకటి పైన, ఒకటి కింద తీస్తూ పోవాలి. కింది వరస అల్లనక్కర్లేదు, నేరుగా వెనక్కి తెచ్చేయొచ్చు. నిలువు వరసలు ఏడే. మొదటి నాలుగూ ఆడుతూ పాడుతూ అవుతాయి. ఐదోదానికి చెమట పడుతుంది. చివరి రెండింటికి అడ్డం వరసలు ఇనుప స్కేలుతో ఎత్తిపట్టి, నవారు కొసని సన్నగా మడిచి దూర్చాలి. ఆఖరి కొసని అడుగున గోనె సూదితో, నైలాన్ దారంతో కుట్టేయండి. ముడి వేస్తే కూర్చున్నవాళ్లకి గుచ్చుతుంది.

పదిహేను రోజులు వాడాక అది తప్పకుండా వదులవుతుంది. అప్పుడు ఆ కుట్టు విప్పి, చివరి నుంచి మొదటికి ఒక్కో వరస బిగించుకుంటూ వచ్చి మళ్లీ కుట్టాలి. బద్ధకించారా, మీ కొత్త బెంచి కుక్కి మంచం అయి కూర్చుంటుంది. ఆ తర్వాత ఏడాదికోసారి వానలకి ముందు, అంటే సెప్టెంబరులో, నవారు బిగింపూ అతుకుల దగ్గర రంగూ చూసుకుంటే సరి. రంగు ఎక్కడైనా పొక్కితే అప్పుడే గీకి ప్రైమర్ తాకించండి. నెలకోసారి మంచినీళ్లతో కడిగితే ఉప్పు నిలవదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో మాత్రం వద్దు.

పాత నల్లరాయి బెంచిని పారేయలేదు. కాళ్లు మార్పించి డాబా మీదే ఉంచాను. దాని మీద కూర్చోరు ఎవరూ. అమ్మ మాత్రం ఒరుగులు, వడియాలు దాని మీదే పోస్తోంది. ఒక్క ఎండకే గలగలమంటున్నాయట.