గాల్లో విరిగిన విమానం: 4వ పాఠం – మొదట ఊడిందేది?

పోయిన పాఠంలో ప్రతి శకలాన్నీ మ్యాపు మీద గుర్తించాం. ఇక ఆ మ్యాపును చదవాలి.

ముందు నాలుగు కొసలు చూసుకోండి: ముక్కు, తోక, రెండు రెక్కల చివరలు. నాలుగూ ఒకే గుంట దగ్గరుంటే విమానం చాలావరకు నిండుగానే నేలకు తగిలినట్టు. ఏదైనా కిలోమీటరు అవతల దొరికితే అసలు పని మొదలవుతుంది.

విమానం వచ్చిన దారిలో వెనకపడ్డ ముక్కలు ముందు ఊడినవని అనుమానించండి. అప్పుడే తేల్చెయ్యకండి, గాలి మోసం చేస్తుంది. ఎత్తు 3,500 మీటర్లు, గాలి సెకనుకు 8 మీటర్లు అనుకుందాం. పల్చటి రేకు సెకనుకు 20 మీటర్ల చొప్పున దిగితే నేల చేరడానికి 175 సెకన్లు; ఈలోపు 1,400 మీటర్లు కొట్టుకుపోతుంది. ఇంజిను 70 మీటర్ల చొప్పున దిగితే 50 సెకన్లు, 400 మీటర్లు. ఒకే క్షణంలో ఊడినా మధ్యలో కిలోమీటరు తేడా! పైగా ఇంజిను ముందుకు దూసుకెళ్లే ఊపు వేరు. వాతావరణ బెలూన్లు ఇచ్చే ఎత్తులవారీ గాలి వివరాలతో సవరించాకే వరస రాయండి. నేలమీది గాలి ఒక్కటే చాలదు.

తర్వాత విరిగిన అంచులు. రెండు ముక్కలూ అతుకుతాయేమో చూద్దామని చెయ్యి లాగుతుంది. ఆనించారో, సూక్ష్మదర్శినికి చూపాల్సిన గుర్తులు చెరిగిపోతాయి. తుడవడమూ వద్దు. మసి మాత్రం కంటితోనే చూడొచ్చు: విరుగు గీతకు ఒకవైపు మసి ఉండి, దానికి జతపడే అంచు శుభ్రంగా ఉంటే, మంట విరిగాకే అంటుకుంది.

ఇప్పుడు అసలు కేసు. 1991 సెప్టెంబరు 11న అమెరికాలోని టెక్సాస్‌లో లారెడో నుంచి హ్యూస్టన్ వస్తున్న కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 విమానం 11,500 అడుగుల దగ్గర దిగుతూ ఈగిల్ లేక్ సమీపంలో ముక్కలైంది. ఎంబ్రాయర్ 120 రకం. అందులోని 14 మందీ చనిపోయారు. ఎడమ హారిజాంటల్ స్టెబిలైజర్ (తోకకు అడ్డంగా ఉండే చిన్న రెక్క) ముందంచు ప్రధాన శకలాలకు దూరంగా పడింది. దాని పైవరసలో 47 స్క్రూలు లేవు.

ఊడిపోయాయా, అసలు బిగించలేదా? రంధ్రాలను అడగాలి. స్క్రూను బలం లాగేస్తే రంధ్రం కోలగా సాగుతుంది, అంచు లేస్తుంది, స్క్రూ మరల గాట్లు పడతాయి. గుండ్రంగా, చెక్కుచెదరకుండా ఉందంటే ఊడే వేళకు అందులో స్క్రూ లేదు.

ముందు రాత్రి హ్యాంగర్‌లో ముందంచుకు తొడిగే, మంచు తొలగించే రబ్బరు తొడుగులు (బూట్లు అంటారు) మార్చే పని పెట్టుకున్నారు. ఎడమవైపు పై స్క్రూలు తీశారు, షిఫ్టు మారింది, ఆ సంగతి తర్వాతివాళ్లకు అందలేదు. కిందివరస బిగించే ఉంది. తోక టీ ఆకారంలో ఉంటుంది కనుక కింద నిలబడితే పైవైపు కనపడదు. తోక మామూలుగా కిందికి నొక్కుతూ ఉంటుంది. ముందంచు పోగానే ఆ ఒత్తిడి పడిపోయి ముక్కు ఒక్కసారిగా కిందికి వంగింది, విమానం ఆ భారం తట్టుకోలేకపోయింది.

అందుకే కాగితాలు అడిగేటప్పుడు సంతకమైన పని కార్డు ఒక్కటే పుచ్చుకుని తిరిగి రాకండి. షిఫ్టు అప్పగింత పుస్తకం, ఎవరు విప్పారు, ఎవరు మూశారు, తనిఖీదారు తానే పనిలో చెయ్యి వేశాడా, ఇవన్నీ కావాలి. ఈ కేసులో తనిఖీదారే స్క్రూలు విప్పాడు. యాజమాన్యం పెంచిన పని సంస్కృతిని కూడా కారణంలో చేర్చాలని విచారణ బోర్డు సభ్యుడు జాన్ లాబర్ భిన్నాభిప్రాయం రాశారు. మా ఓటు ఆయనకే.

అభ్యాసం: గాలి సెకనుకు 15 మీటర్లయితే రేకుకీ ఇంజినుకీ మధ్య దూరమెంత? 1,875 మీటర్లు రావాలి. వచ్చే పాఠం రికార్డర్లది.