పాత స్పోర్ట్స్ కార్ల ధరలు చదవడం: 3వ పాఠం – వేలంలో పలికిన అంకెను విప్పి చూడటం

కారు స్థితికి ఒకటి నుంచి నాలుగు దాకా గ్రేడు ఇవ్వడం గత పాఠంలో చూశాం. ఈసారి పూర్తిగా లెక్కలే. కాగితం, పెన్ను, మామూలు క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి. "ఫలానా ఫెరారీ రికార్డు ధర పలికింది" అనే వార్త కంటపడితే, ఆ ధర నిజంగా పెరిగిందా, పెరిగినట్టు కనిపిస్తోందా అన్నది పావుగంటలో తేల్చుకోగలగాలి. అదే ఈ పాఠం లక్ష్యం.

మూడు అమ్మకాలు, ఒకే పేరు

ఫెరారీ 250 జీటీఓను తీసుకుందాం. 1962-64 మధ్య 36 తయారయ్యాయి. 4 లీటర్ల ఇంజిన్ బిగించిన మరో మూడింటినీ కలిపితే 39. ఇన్ని తక్కువ కాబట్టి ఈ రంగంలో ఉన్నవాళ్లు ఒక్కో కారునూ ఛాసిస్ నంబరుతోనే గుర్తుపడతారు. బహిరంగ వేలంలో అమ్ముడైన మూడింటిని రాసుకోండి:

2014 ఆగస్టు, కాలిఫోర్నియా, బోనమ్స్, ఛాసిస్ 3851: 3,81,15,000 డాలర్లు
2018 ఆగస్టు, కాలిఫోర్నియా, ఆర్‌ఎం సదబీస్, ఛాసిస్ 3413: 4,84,05,000 డాలర్లు
2023 నవంబరు, న్యూయార్క్, ఆర్‌ఎం సదబీస్, ఛాసిస్ 3765: 5,17,05,000 డాలర్లు

వరసగా చదివితే ధర మెట్లెక్కుతూ పోయినట్టే ఉంది. వార్తలూ అలాగే రాశాయి.

మొదటి పని, కమిషన్ తీసేయడం. మూడోసారి అని సుత్తి కొట్టినప్పుడు పలికినది పాట ధర. దానిమీద కొన్నవారి నుంచి వేలం కంపెనీ తన కమిషన్ విడిగా తీసుకుంటుంది. పేపర్లో వచ్చేది ఈ రెండూ కలిపిన మొత్తం. 2014 అమ్మకంలో కమిషన్ పాట ధర అంతటి మీదా 10 శాతం. కనుక 3,81,15,000ను 1.10తో భాగిస్తే 3,46,50,000 వస్తుంది. ఆ రెండు అమ్మకాల్లో ఆర్‌ఎం సదబీస్ పద్ధతి వేరు: మొదటి 2,50,000 డాలర్లకు 12 శాతం, ఆపైన 10 శాతం. అంటే పాట ధర అంతటికీ 10 శాతం వేసి, అదనపు 2 శాతం కింద 5,000 డాలర్లు కలిపితే సరిపోతుంది. వెనక్కి రావాలంటే ముందు ఆ 5,000 తీసేయాలి, తర్వాత 1.10తో భాగించాలి. 2018 కారుకు సరిగ్గా 4,40,00,000, 2023 కారుకు సరిగ్గా 4,70,00,000 వస్తాయి.

పెద్ద పాటలు గుండు అంకెల మీదే ఆగుతాయి. మీ జవాబు చిల్లరతో వచ్చిందంటే కమిషన్ రేటు తప్పుగా తీసుకున్నారని అనుమానించండి. ఈ రేట్లు కంపెనీని బట్టీ, ఏడాదిని బట్టీ మారతాయి. ఆ వేలం నిబంధనల్లో చూసుకోవాలే తప్ప ఊహించకూడదు.

రెండో పని, అన్నిటినీ ఒకే ఏడాది డాలర్లలోకి మార్చడం. అమెరికా వినియోగదారుల ధరల సూచీ వార్షిక సగటు 2014లో 236.7, 2018లో 251.1, 2023లో 304.7. పాత పాట ధరను 2023 సూచీతో గుణించి, అమ్మిన ఏడాది సూచీతో భాగించండి. 2014 కారు సుమారు 4.46 కోట్లు, 2018 కారు సుమారు 5.34 కోట్లు, 2023 కారు ఎలాగూ 4.70 కోట్లు. మెట్లు మాయమయ్యాయి. 2018లో శిఖరం, ఐదేళ్ల తర్వాత దానికంటే 12 శాతం కింద ఇంకో అమ్మకం. "కొత్త రికార్డు" అన్న వార్త అబద్ధం కాదు, కానీ డాలరు విలువ పడిపోయిన సంగతిని అది పక్కన పెట్టింది.

మూడో పని అన్నిటికంటే కష్టం, చాలామంది వదిలేసేదీ అదే. ఇవి మూడూ ఒకే కారు కాదు. 3851 కారు 1962 అక్టోబరులో ఫ్రాన్స్‌లోని మాంట్‌లెరీ ట్రాక్ మీద ఘోర ప్రమాదానికి గురై, తర్వాత బాగుపడిన కారు. 3413కి 1964లో ఫెరారీకి బాడీలు చేసే స్కాలియెట్టి సంస్థ రెండో తరహా బాడీ వేసింది. 3765 ఆ 4 లీటర్ల మూడింటిలో ఒకటి. ఫెరారీ సొంత టీమ్ తరఫున 1962 న్యూర్‌బుర్గ్‌రింగ్ 1000 కిలోమీటర్ల పందెంలో రెండో స్థానంలో వచ్చింది. కాబట్టి 12 శాతం తగ్గుదల కూడా పూర్తిగా మార్కెట్ తగ్గుదల అనలేం. మార్కెట్ కదలిక ఎంత, కారు చరిత్రకు ఇచ్చిన విలువ ఎంత అన్నది మూడు అంకెలతో విడదీయలేం. 39 కార్లున్న మోడల్‌తో "మార్కెట్ సూచీ" కట్టేవాళ్లను నమ్మకపోవడానికి కారణం ఇదే.

సంఖ్య ఎక్కువున్న మోడల్‌తో లెక్క

సాధన కోసం జాగ్వార్ ఈ-టైప్ మేలు. 1961 మార్చిలో జెనీవాలో బయటికొచ్చింది, 70 వేలకు పైగా తయారయ్యాయి, ఏడాది పొడవునా అమ్ముడవుతూనే ఉంటాయి. అయితే "ఈ-టైప్" అని ఒక్క వరస రాసుకుంటే ఉపయోగం లేదు. 3.8 లీటర్ల ఓపెన్ టూ-సీటరు, 1966లో వచ్చిన పొడవాటి 2+2 (వెనుక మరో రెండు చిన్న సీట్లున్నది), 1971లో వచ్చిన 5.3 లీటర్ల వీ12, ఇవి మూడు వేరువేరు మార్కెట్లు. వరస ఇలా ఇరుకుగా ఉండాలి: "సిరీస్ 1, 4.2 లీటర్లు, ఓపెన్ టూ-సీటరు, గ్రేడు 2".

నోటుపుస్తకంలో ఒక్కో కారుకు తేదీ, వేలం స్థలం, ఛాసిస్ నంబరు, గ్రేడు, ముందస్తు అంచనా కింది అంకె, పై అంకె, రిజర్వు ధర (అంతకు తక్కువకు అమ్మనని అమ్మేవారు పెట్టుకున్న కనీస ధర) ఉందా లేదా, పాట ధర, అమ్ముడైందా లేదా రాసుకోండి. అమ్ముడుపోనివి కూడా రాయాలి. వేలం అయ్యాక కొన్ని కంపెనీలు వాటిని జాబితాలోంచి తీసేస్తాయి, కాబట్టి వేలానికి ముందే కేటలాగు దాచుకోండి. అమ్ముడుపోని కారుకు బోర్డు మీద కనిపించిన చివరి అంకెను ధరగా తీసుకోవద్దు. నిబంధనల్లో ముందే చెప్పి ఉంటే, రిజర్వు ధర చేరేదాకా అమ్మేవారి తరఫున వేలందారే పాట పెంచవచ్చు. ఆ చివరి పాట పాడిన మనిషే గదిలో లేకపోవచ్చు.

కనీసం ఎనిమిది అమ్మకాలు పోగయ్యాక మధ్యస్థం (ధరలను చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది) తీయండి, సగటు వద్దు. ఎందుకో ఊహించిన అంకెలతో చూద్దాం. ఐదు కార్లు వరుసగా 62, 68, 71, 74, 150 వేల పౌండ్లు పలికాయి. సగటు 85 వేలు. నాలుగు కార్లు ఆ దరిదాపులకే రాలేదు. మధ్యస్థం 71 వేలు, కొనబోయేవారికి ఎదురయ్యే ధర అదే. ఆ 150 వేల కారు ఏ సినిమా నటుడిదో అయ్యుంటుంది, లేదా ఇద్దరు పంతానికి పోయుంటారు.

గ్రేడుతోపాటు నంబర్లు కలుస్తున్నాయో లేదో చూడకపోతే ఈ పుస్తకమంతా దండగ. ఛాసిస్ నంబరు ముందు ఫ్రేము మీద, కుడివైపు డ్యాంపర్ బిగించే చోటికి పైన కొట్టి ఉంటుంది. ఇంజిన్ నంబరు బ్లాకు కుడివైపు ఆయిల్ ఫిల్టరుకు పైన ఒకచోట, సిలిండర్ హెడ్ ముందు భాగంలో మరోచోట ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. ఈ-టైప్ 3.8 నంబర్లు ఆర్ లేదా ఆర్‌ఏతో, సిరీస్ 1 4.2 నంబర్లు 7ఈతో మొదలవుతాయి. చివర గీత పక్కనున్న 8 లేదా 9 కంప్రెషన్ నిష్పత్తి. సిరీస్ 1 కారులో 7ఈ లేని 4.2 ఇంజిన్ కనబడితే అది జాగ్వార్ సెడాన్ నుంచి తెచ్చి వేసిందేమో అడగండి. ఫ్యాక్టరీ రికార్డు ప్రకారం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్‌తో ఈ నంబర్లన్నీ పోల్చాలి. నంబర్లు కలవని కారును ఆ వరసలో కలిపేస్తే మధ్యస్థం కిందికి జారుతుంది, మీరేమో మార్కెట్ పడిపోయిందని పొరబడతారు.

తుప్పు సంగతి ఐదో పాఠంలో వివరంగా వస్తుంది. ఇక్కడ ఒక్కటే గుర్తుంచుకోండి: ముందు ఫ్రేము చదరపు గొట్టాలు లోపలి నుంచి తింటాయి, పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది.

పెరిగిన ధరలో మీ చేతికి వచ్చేదెంత?

బ్రిటన్ పద్ధతిలో ఒక ఈ-టైప్ లెక్క. పాట ధర, ఖర్చులు ఊహించినవే, లెక్క తీరు మాత్రం అసలుదే. 80,000 పౌండ్లకు పాట కొట్టారు. కమిషన్ 15 శాతం అనుకుంటే 12,000, ఆ కమిషన్ మీద 20 శాతం వ్యాట్ 2,400. చెక్కు రాసేది 94,400. షెడ్డు అద్దె, బీమా, సర్వీసింగ్ ఏడాదికి 3,500 చొప్పున ఐదేళ్లకు 17,500. ఐదేళ్ల తర్వాత అదే కారు 1,00,000 పలికింది. పాతిక శాతం పెరిగిందని అందరూ అభినందిస్తారు. అమ్మేవారి కమిషన్ 10 శాతం, ఆ కమిషన్ మీద వ్యాట్ (పాట ధరలో 2 శాతం) పోగా 88,000 చేతికొస్తాయి. పెట్టింది 1,11,900. నష్టం 23,900.

నష్టం లేకుండా బయటపడాలంటే పాట ఎంత పలకాలి? 1,11,900ను 0.88తో భాగించండి: సుమారు 1,27,200. ఏడాదికి దాదాపు 9.7 శాతం చొప్పున పెరగాలి. వెనుక ఇరుసు దగ్గర, డిఫరెన్షియల్‌కు ఆనుకుని ఉండే బ్రేకు డిస్కులు ఒక్కసారి మార్చాల్సి వస్తే మొత్తం సస్పెన్షన్ కిందికి దించాలి. ఆ కూలీ ఇందులో కలపలేదు.

అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్న మన తెలుగువాళ్లు పన్ను తేడా కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో సొంతానికి వాడే కారు అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు. అమెరికాలో ఏడాది దాటి ఉంచుకున్న సేకరణ వస్తువు లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు.

స్పెక్యులేషన్ ఎలా ఉంటుందో: 1987-92

ధర పెరగడం వేరు, మళ్లీ అమ్మడానికే కొనడం వేరు. రెండోదాన్ని అధ్యయనం చేయడానికి ఎనభైల చివరి కంటే మంచి కాలం దొరకదు. 1987 అక్టోబరులో షేర్ మార్కెట్లు కుప్పకూలాయి. భయపడిన డబ్బు వస్తువుల వైపు మళ్లింది. 1988 ఆగస్టు 14న ఎంజో ఫెరారీ మరణించారు, ఫెరారీల ధరలు ఆకాశానికెగిరాయి. చవక అప్పు దొరికే జపాన్ నుంచీ కొనుగోలుదారులు వచ్చారు. తర్వాత అప్పు ఖరీదైంది. బ్రిటన్‌లో వడ్డీ రేటు 1989 అక్టోబరులో 15 శాతానికి చేరింది. జపాన్ కేంద్ర బ్యాంకు 1989 మే నుంచి 1990 ఆగస్టు లోపు తన రేటును 2.5 నుంచి 6 శాతానికి పెంచింది. అప్పు మీద నిలబడ్డ ధరలు అక్కడితో కూలాయి.

ఈ కాలాన్ని ఒక్క కారులో చూడాలంటే జాగ్వార్ ఎక్స్‌జే220. 1988 బర్మింగ్‌హామ్ షోలో వీ12 ఇంజిన్, నాలుగు చక్రాలకూ డ్రైవ్‌తో చూపించారు. 50,000 పౌండ్ల అడ్వాన్సు కట్టించుకుని, 350 కార్లకు మించి చేయబోమన్నారు. చాలామంది తోలడానికి కాదు, ఆర్డరు కాగితాన్నే లాభానికి అమ్ముకోవడానికి కట్టారు. ఒప్పందంలో ధర ద్రవ్యోల్బణంతో ముడిపడి ఉంది. దాదాపు 2,90,000 దగ్గర మొదలైనది 1992లో 4,70,000 అయింది. చేతికొచ్చిన కారులో ఉన్నది 3.5 లీటర్ల ట్విన్ టర్బో వీ6, డ్రైవ్ వెనుక చక్రాలకే. ఈలోగా మార్కెట్ పడిపోయింది. కొందరు ఒప్పందం నుంచి తప్పించుకోజూశారు, కొందరు కోర్టుకెక్కారు. 350 మాట అలా ఉంచితే, తయారైనవి 300 కూడా లేవు.

కారు చెడ్డదని కాదు, గంటకు 340 కిలోమీటర్లు దాటింది. వస్తువు ఇంకా పుట్టకముందే దాని కాగితం చేతులు మారడం అసలు జబ్బు.

ఇదే జబ్బును మీ నోటుపుస్తకంలో ఎలా పట్టుకోవాలి? ఛాసిస్ నంబర్ల వరసను నెలకోసారి పైనుంచి కిందికి చదవండి. ఒకే నంబరు 18 నెలల్లో రెండోసారి కనబడితే దాని పక్కన గుర్తు పెట్టండి. పది అమ్మకాల్లో రెండు మూడు గుర్తులు పడ్డాయంటే మీరు చూస్తున్నది డీలర్లు, మదుపరులు తమలో తాము అమ్ముకుంటున్న మార్కెట్. రెండో లక్షణం, తోక కదలడం: ఓపెన్ టూ-సీటరు వెనకాలే 2+2 కూడా అదే శాతంలో పెరిగితే, మంచిది అందక దొరికినదాన్ని ఎగరేసుకుపోతున్నారని అర్థం. పడేటప్పుడు ముందు పడేదీ ఆ తోకే. మూడోది నకళ్లు. దాదాపు 950 తయారైన ఫెరారీ 250 జీటీఈలు ఎన్నో ముక్కలై జీటీఓ నకళ్లుగా మారాయి. నాలుగు సీట్ల కారు విలువ కంటే దాని ఇంజిన్, ఛాసిస్ విలువ ఎక్కువైనప్పుడు ఆ గ్యారేజీ లెక్క లాభసాటి అవుతుంది.

ఇంటిపని

1. 2013లో ఆర్‌ఎం వేలంలో ఫెరారీ 275 జీటీబీ/4 నార్ట్ స్పైడర్ ఒకటి కమిషన్‌తో కలిపి 2,75,00,000 డాలర్లకు అమ్ముడైంది, కమిషన్ పాట ధర అంతటి మీదా 10 శాతం. పాట ధర ఎంత?

2. 2021లో గుడింగ్ వేలంలో మెక్‌లారెన్ ఎఫ్1 ఒకటి 2,04,65,000 డాలర్లకు వెళ్లింది. మొదటి 2,50,000కు 12 శాతం, ఆపైన 10 శాతం. పాట ధర కనుక్కోండి. తర్వాత పాట ధర అంతటి మీదా 10 శాతం అనుకుని మళ్లీ చేసి, రెండు జవాబుల్లో ఏది గుండు అంకెగా వచ్చిందో చూడండి.

3. పై ఈ-టైప్ లెక్కలో ఐదేళ్లకు బదులు రెండేళ్లకే అమ్మేస్తే, నష్టం లేకుండా ఉండటానికి పాట ధర ఎంత పలకాలి? ఏడాదికి ఎంత శాతం పెరగాలి? ఐదేళ్ల శాతంతో పోల్చి రాయండి. జవాబులు నాలుగో పాఠం మొదట్లో.