వచ్చిన ఒక్క సారునీ నిలబెట్టుకోవాలంటే

ప్రైమరీ టీచర్లలో ప్రపంచం మొత్తమ్మీద మూడింట రెండొంతుల మంది ఆడవాళ్లేనని యునెస్కో లెక్క. బడికి ముందు తరగతుల్లోనైతే నూటికి 90 మందికి పైనే. అందుకే మగ టీచర్ల కోసం ప్రకటన ఇచ్చి ఎదురుచూడటం కన్నా, చేరిన ఒక్క సారూ ఏడాది తిరక్కముందే వెళ్లిపోకుండా చూసుకోవడం మేలు. హెడ్మిస్ట్రెస్‌గా నేను చేసేది చెప్తాను.

ముందు టైంటేబుల్. మగవాడనగానే ఐదో తరగతి, ఆటల పీరియడ్లు, అల్లరి పిల్లలు అన్నీ అతని నెత్తిన పడతాయి. నేను ఒకటో తరగతి ఇస్తాను. అక్షరాలు దిద్దించాలి, ముక్కులు తుడవాలి, ఏడ్చేవాళ్లని ఊరుకోబెట్టాలి. "సారు దగ్గరికి పంపిస్తా" అని పిల్లల్ని బెదిరించొద్దని మొదటి స్టాఫ్ మీటింగులోనే అందరికీ చెప్పేస్తాను. ఆ మాట అలవాటైతే అతను మన బడికి బెత్తంలా మిగిలిపోతాడు. బల్లలు మోయడం, మైకు సర్దడం అందరికీ వంతుల మీదే.

అసలు చిక్కు పిల్లల్ని తాకడం దగ్గర. చిన్నపిల్లలు పరిగెత్తుకొచ్చి కాళ్లకు చుట్టుకుంటారు. టీచరమ్మైతే ఎవరూ పట్టించుకోరు, సారైతే ఎవరు చూస్తున్నారోనని బిగుసుకుపోతాడు. అందుకే నియమాలు కాగితం మీద పెట్టాలి. ఒక్క బిడ్డతో మాట్లాడేటప్పుడు తలుపు తీసుండాలి. బట్టలు తడుపుకున్న బిడ్డకు మార్చేటప్పుడు ఇంకో పెద్దవాళ్లు అక్కడుండాలి. సొంత ఫోన్లో ఫొటోలు తీయకూడదు. ఆ కాగితం మీద మొదటి సంతకం నాది, తర్వాత టీచర్లందరివీ. అతనికొక్కడికే పెడితే అనుమానాన్ని మనమే రాసిచ్చినట్టు.

తల్లిదండ్రుల మొదటి సమావేశంలో, పిల్లలకు చదవడం ఎలా నేర్పుతాడో అతన్నే చెప్పనిస్తాను. ఎవరైనా సెక్షన్ మార్చమంటే కారణం అడుగుతాను. ఫలానాది జరిగిందంటే విచారణ, ఎవరి మీదైనా అంతే. మగవాడని తప్ప ఇంకే కారణమూ లేకపోతే మార్చను. సారు వస్తే మగపిల్లల మార్కులు పెరుగుతాయని మాత్రం తల్లిదండ్రులకు ఆశ పెట్టకండి, పరిశోధనలు ఆ విషయంలో ఒక్క మాట మీద లేవు.

కుదురుకున్నాక అతన్ని ఆఫీసు గదిలోకి లాగే పెద్దలుంటారు. ఆడవాళ్లు ఎక్కువగా ఉండే ఉద్యోగాల్లో మగవాళ్లని అలా పైకి నెట్టేయడాన్ని అమెరికా సమాజ శాస్త్రవేత్త క్రిస్టీన్ విలియమ్స్ 1992లోనే గాజు ఎస్కలేటర్ అంది. మన చేతికి దక్కిన ఒకటో తరగతి సారు అలాగే పోతాడు. అతనే ప్రమోషన్ కోరితే, అందరికీ ఉన్న కొలతతోనే చూడండి.

జీతం మన చేతిలో లేదు, దాన్ని వదిలేద్దాం. టీచర్ శిక్షణలో భాగంగా మన బడికి వచ్చే కుర్రాళ్లని మాత్రం వీలైతే ఇద్దరేసి పంపమని వాళ్ల కాలేజీని అడగండి, ఒంటరిగా స్టాఫ్‌రూమ్‌లో ఓ మూల కూర్చునే బాధ తప్పుతుంది. హైస్కూలు అబ్బాయిల్ని వారానికోసారి పిలిచి చిన్నవాళ్లకు కథలు చదివించండి. ఇది తాము చేయగల పనేనని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు.

ఇంకోటి, మగవాళ్ల టాయిలెట్ ఎక్కడుందో అతను చేరకముందే చూసుకోండి. పిల్లలది వాడుకోమన్నామంటే, సంతకాలు పెట్టిన ఆ కాగితాన్ని మనమే చింపేసినట్టు.