ఫిఫ్త్ వీల్ ట్రైలర్ కొంటున్నారా? సంతకం పెట్టే ముందు ఇవి చూసుకోండి

ఫిఫ్త్ వీల్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో తగిలించి లాక్కెళ్లే, ఇల్లులాంటి పెద్ద ట్రైలర్. దాన్ని చూడటానికి డీలర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మంచి టార్చి, తేమ కొలిచే మీటరు, నేల మీద పరుచుకోవడానికి ఒక పాత దుప్పటి వెంట పెట్టుకోండి. ట్రైలర్ కిందకి దూరి చూడాలి కాబట్టి దుప్పటి. లోపలున్న ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేసు, పెద్ద టీవీ, లెదర్ సోఫా ఎలాగూ కళ్లబడతాయి, వాటిని చూపించడానికే సేల్స్‌మన్ పక్కన ఉంటాడు. ట్రైలర్‌ని ఎంత గట్టిగా కట్టారో తెలిసేది మాత్రం అడుగున, పైకప్పు మీద, సింకు వెనకాల, మూలల్లో. కొనేవాళ్లలో చాలామంది అక్కడ తల పెట్టరు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ తిప్పుదామనో, రిటైరయ్యాక దేశమంతా తిరుగుదామనో అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా దీని మీద యాభై వేలో లక్షో డాలర్లు పెట్టబోతుంటే, వాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను.

అందరూ ముందు అడిగేది "ఏ బ్రాండ్ మంచిది?" అని. దానికి ఒక్క పేరు చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. అమెరికాలో తయారయ్యే ఆర్వీల్లో (ఇలాంటి ట్రైలర్లు, మోటార్‌హోమ్‌లు అన్నిటికీ కలిపి పేరు) అత్యధిక భాగం ఉత్తర ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల నుంచే వస్తాయి. థోర్, ఫారెస్ట్ రివర్, విన్నెబాగో అనే మూడు పెద్ద సంస్థల చేతిలోనే చాలా బ్రాండ్లు ఉన్నాయి. కీస్టోన్, జేకో థోర్‌వి, గ్రాండ్ డిజైన్ 2016 నుంచి విన్నెబాగోది. ఛాసిస్, యాక్సిల్స్, స్లైడ్ (ఆపినప్పుడు గది పెద్దదయ్యేలా గోడ బయటికి జరిగే భాగం) మెకానిజమ్ లాంటివి లిప్పర్ట్ లాంటి కొద్దిమంది సప్లయర్ల దగ్గర నుంచే చాలా కంపెనీలకు వెళ్తాయి, అందుకే ధరలో ఇరవై వేలు తేడా ఉన్న రెండు ట్రైలర్ల కింద ఒకే కంపెనీ ఫ్రేమ్ ఉండొచ్చు. పైగా ఆ ఫ్యాక్టరీల్లో పని చాలావరకు పీస్ రేటు మీద నడుస్తుంది, ఎన్ని యూనిట్లు పూర్తయితే అంత కూలి. ఆ వేగంలో ఒకే మోడల్లో ఒకటి చక్కగా వస్తుంది, దాని వెనకాలే వచ్చింది బిగించని పైపుతో వస్తుంది. కాబట్టి బ్రాండ్ పేరు చూసి నిశ్చింతగా ఉండకండి, మీ ముందు నిలబెట్టిన ఆ ఒక్క యూనిట్‌ని పరీక్షించండి.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఇంకో మాట. కోవిడ్ టైంలో వీటికి విపరీతమైన గిరాకీ వచ్చింది. 2021లో అన్ని రకాలూ కలిపి 6 లక్షలకు పైగా ఆర్వీలు ఫ్యాక్టరీల నుంచి బయటికెళ్లాయి, 2023 వచ్చేసరికి ఆ సంఖ్య దాదాపు 3 లక్షల 13 వేలకు పడిపోయింది. సామాను దొరక్క, దొరికిన మనుషులతో హడావిడిగా కట్టిన రోజులవి. 2021, 2022 మోడల్ చూస్తుంటే కింద చెప్పినవన్నీ రెండుసార్లు చూడండి.

తలుపు దగ్గర ఆర్వీఐఏ (ఆర్వీ కంపెనీల సంఘం) స్టిక్కర్ ఉంటుంది. మంటలు, గ్యాస్, ప్లంబింగ్, కరెంటు విషయంలో భద్రతా ప్రమాణాలు పాటిస్తున్నామని కంపెనీ చెప్పడమే దాని అర్థం. రూఫ్ కారదనీ, గోడలు పదేళ్లు నిలుస్తాయనీ దానికి అర్థం లేదు. సేల్స్‌మన్ దాన్ని చూపించి క్వాలిటీ గ్యారంటీ అంటే నమ్మకండి.

ముందు ఫ్రేమ్

ఫిఫ్త్ వీల్‌లో బరువు మామూలు ట్రైలర్‌లా వెనక బంపర్ దగ్గర బాల్ మీద పడదు. పికప్ ట్రక్కు వెనక తొట్టిలో హిచ్ బిగిస్తారు, ట్రైలర్ ముందు భాగం కింద ఉన్న కింగ్‌పిన్ అందులో కూర్చుంటుంది. దాని పైనే బెడ్‌రూమ్ ఉంటుంది. రోడ్డు మీద ప్రతి గుంత దెబ్బా ఆ పిన్ దగ్గర నుంచి బెడ్‌రూమ్ కింది ఉక్కులోకి, అక్కడి నుంచి గోడల్లోకి పాకుతుంది. ఫ్రేమ్ ఫ్లెక్స్ (ఫ్రేమ్ వంగి కదలడం) అని అందరూ భయపడేది దీని గురించే. ఒకసారి అది మొదలైతే రిపేరు చిన్నది కాదు, గోడ విప్పి వెల్డింగ్ చేయాల్సి రావచ్చు.

బయట నిలబడి, పైకి లేచిన బెడ్‌రూమ్ భాగం కింది బాడీతో కలిసే వంపు దగ్గర చూడండి. ఫైబర్‌గ్లాస్‌లో సన్నని పగుళ్లు, అలలు తేలినట్టు కనిపించడం, ట్రిమ్ పట్టీ లేచి ఉండటం, సీలెంట్ సాగి తెగడం, స్క్రూలు బయటికి రావడం, వీటిలో ఏది కనిపించినా అక్కడ ఏదో కదులుతోందన్న మాటే. బెడ్‌రూమ్ లోపల ముందు గోడ పక్క గోడను కలిసే చోట, అల్మరా లోపలి మూలల్లో సందు వచ్చిందేమో టార్చి వేసి చూడండి. ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించాక, ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టే కాళ్లని (ల్యాండింగ్ లెగ్స్) కొద్దిగా పైకీ కిందకీ చేయమని ఒకరికి చెప్పి మీరు పక్క నుంచి ఆ వంపునే గమనించండి. ఉక్కు ఒక దారిన, గోడ ఇంకో దారిన కదిలితే అక్కడితో ఆపేసి వెనక్కి వచ్చేయండి, డిస్కౌంట్ ఎంతిచ్చినా వద్దు. పిన్ బాక్స్ (కింగ్‌పిన్‌ని పట్టుకునే ఉక్కు భాగం) చుట్టూ కవర్ తీయనిస్తే వెల్డింగ్ కూడా చూడండి, వెల్డ్ పక్కన గీతలా సాగిన తుప్పు పగులుకి గుర్తు కావచ్చు.

ఇక దుప్పటి పరిచి కిందకి దూరండి. లీఫ్ స్ప్రింగులు తిరిగే చోట ప్లాస్టిక్ బుషింగులు ఉన్నాయా, గ్రీజు పట్టే నిపుల్స్ ఉన్న కంచు బుషింగులు ఉన్నాయా అని చూడండి. ప్లాస్టిక్‌వి త్వరగా అరుగుతాయి. తర్వాత మార్చుకోవచ్చు గానీ కంపెనీ ఎక్కడ డబ్బు మిగుల్చుకుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

టైర్ల దగ్గర చిన్న లెక్క చేయండి. ఎస్టీ235/80ఆర్16 సైజులో లోడ్ రేంజ్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరం) ఇ టైరు ఒక్కోటి 3,520 పౌండ్లు మోస్తుంది, అదే సైజులో లోడ్ రేంజ్ జి అయితే 4,400 వరకు మోస్తుంది. నాలుగు ఇ టైర్లకి కలిపి 14,080. ట్రైలర్ గరిష్ఠ బరువు 16,000 పౌండ్లు, అందులో 2,800 పిన్ మీద పడితే యాక్సిల్స్ మీద 13,200. కాగితం మీద సరిపోయింది. కానీ మిగిలింది 900 పౌండ్లలోపే, మే నెలలో అరిజోనా ఎండలో ఒక టైరులో గాలి కాస్త తగ్గితే ఆ కాస్త తేడా నిలవదు. టైరు పేలడంతో ఆగదు, పేలిన టైరు ముక్కలు కింద ఉన్న పైపుల్నీ గోడనీ చీల్చేస్తాయి. నేనైతే జి టైర్లు వేయించమని బేరంలోనే అడుగుతాను. టైరు పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 1822 అని ఉంటే 2022లో 18వ వారం. "కొత్త" ట్రైలర్‌కి రెండు మూడేళ్ల నాటి టైర్లుంటే అది డీలర్ దగ్గర అన్నాళ్లూ ఎండలో నిలబడి ఉండొచ్చు.

నీళ్లు

ట్రైలర్లను పాడుచేసే వాటిలో మొదటిది నీరే. మిగతావన్నీ దాని తర్వాత. అందుకే ఎక్కువ టైమ్ దీనికే కేటాయించండి.

నిచ్చెన ఎక్కి రూఫ్ మీదకి వెళ్లడానికి ఒప్పుకోకపోతే ఆ డీలర్ని వదిలేయండి. పైన రబ్బరు, టీపీఓ, పీవీసీ, ఏ షీటైనా సరే, కారేది షీటు మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ. ఏసీ, వెంట్లు, స్కైలైట్ చుట్టూ, ముందు వెనక క్యాప్‌లు (చివరి మూతల్లాంటి భాగాలు) రూఫ్‌తో కలిసే చోట సీలెంట్ పగిలిందా, అంచు లేచిందా చూడండి. కాలి కింద మెత్తగా దిగితే లోపలి చెక్క కుళ్లిందన్నమాట.

గోడలు లామినేటెడ్ అయితే, అంటే ఫైబర్‌గ్లాస్, చెక్క షీటు, ఫోమ్ కలిపి అతికించినవైతే, సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడేటప్పుడు గోడ వెంబడి చూడండి. ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే లోపల అతుకు వదిలేసింది, సాధారణంగా నీరు చేరడం వల్లే. లోపలి పొరకి లువాన్ అనే పలచటి ప్లైవుడ్ వాడితే అది నీరు పీల్చి కుళ్లుతుంది, అజ్‌డెల్ లాంటి కాంపోజిట్ షీటు కుళ్లదు. ఏది వాడారో అడగండి, బ్రోషర్‌లో చూపించమనండి. కిటికీల కింద, స్లైడ్ మూలల్లో, లైట్ల చుట్టూ తేమ మీటరు పెట్టి చూడండి. చెక్క ఫ్రేమ్ మీద అల్యూమినియం షీటు కొట్టిన గోడలైతే ఉబ్బు కనిపించదు, అక్కడ మీటరూ, వేలితో నొక్కి చూడటమే దారి.

తర్వాత ప్లంబింగ్. మంచినీళ్ల ట్యాంకు నింపి పంపు ఆన్ చేయించండి, కుళాయిలన్నీ కట్టేయండి. పంపు ఒత్తిడి ఎక్కి ఆగిపోవాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే కాసేపటికి మళ్లీ టకటకమని మొదలైతే ఎక్కడో లీకుంది. సింకులు నిండా నింపి ఒక్కసారిగా వదిలి కింద టార్చి వేయండి. షవర్ పది నిమిషాలు నడపండి. ఆఖర్న మళ్లీ అడుగుకి వెళ్లి కింద కప్పిన ప్లాస్టిక్ షీటు ఎక్కడైనా బొజ్జలా వేలాడుతుందేమో చూడండి, వేలాడితే అందులో నీళ్లు నిలిచాయి. లోపల గాలి ఒత్తిడి పెట్టి బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లి బుడగలు చూసే పరీక్ష ఉంది, డబ్బు తీసుకున్నా సరే చేయించుకోండి.

లోపల

స్లైడ్‌లు మూడు నాలుగు సార్లు బయటికీ లోపలికీ నడపండి. రెండు చివర్లూ ఒకేసారి కదలాలి, ఒకవైపు వెనకబడితే మోటార్లో, ట్రాకులో తేడా ఉంది. స్లైడ్ కింద చెక్క అంచుని వేళ్లతో నొక్కండి.

డ్రాయర్లు బయటికి లాగి చూడండి, స్క్రూలతో బిగించారా, స్టేపుల్స్ కొట్టి వదిలేశారా తెలుస్తుంది. డ్రాయర్ తీశాక వెనక ఖాళీలో టార్చి వేస్తే పైపులు, వైర్లు ఎలా లాగారో కనిపిస్తుంది. ఏసీలు, హీటర్, వాటర్ హీటర్, స్టవ్ అన్నీ నడపమనండి. గ్యాస్‌తో నడిచే పాత తరహా ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందు రోజే ఆన్ చేసి ఉంచమని ఫోన్ చేసి చెప్పండి. గ్యాస్ లైనుకి గేజ్ పెట్టి లీక్ టెస్ట్ మీ ముందే చేయాలి. మన వంటకి ఇంకొకటి: పొయ్యి మీది ఫ్యాన్ పొగని నిజంగా బయటికి పంపుతోందా, గోడ బయట దాని మూత తెరుచుకుంటోందా చూడండి, లేకపోతే తాళింపు ఘాటు పరుపులకే పట్టేస్తుంది.

కొత్తదాంట్లో అడుగుపెట్టగానే కళ్లు మండితే పట్టించుకోండి. 2005లో కత్రినా తుఫాను బాధితులకి ఇచ్చిన ట్రైలర్లలో ఫార్మాల్డిహైడ్ (చెక్క షీట్ల జిగురు నుంచి వచ్చే హానికరమైన వాయువు) పెద్ద సమస్య అయింది, ఆ తర్వాత చెక్క షీట్లకి నిబంధనలు బిగించారు. అయినా పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే కిటికీలు తెరిచి కొన్నాళ్లు గాలాడనిచ్చాకే పడుకోండి.

బరువు, కాగితాలు

బ్రోషర్‌లో రాసే డ్రై వెయిట్ (నీళ్లు, సామాను లేని ఖాళీ బరువు) మీద ఏ నిర్ణయమూ తీసుకోకండి. తలుపు దగ్గర పసుపు స్టిక్కర్‌లో ఎంత సామాను ఎక్కించవచ్చో ఉంటుంది, అదే అసలు లెక్క. గ్యాలన్ నీరు 8.3 పౌండ్లు, 60 గ్యాలన్లు నింపితేనే 500. పిన్ మీద బరువు మొత్తంలో సుమారు 15 నుంచి 25 శాతం పడుతుంది. 14,000 పౌండ్ల ట్రైలర్‌లో 20 శాతం వేసుకున్నా 2,800, దానికి హిచ్, మనుషులు కలపండి. ఫోర్డ్ ఎఫ్-150 తరగతి పికప్ ట్రక్కులు చాలావరకు దీన్ని మోయలేవు. ట్రక్కు డ్రైవర్ తలుపు దగ్గరున్న పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగల బరువు) స్టిక్కర్ చదివాకే ట్రైలర్ చూడండి. లైసెన్సు సంగతీ చూసుకోవాలి: కాలిఫోర్నియాలో 10,000 పౌండ్లు దాటిన ఫిఫ్త్ వీల్‌కి లైసెన్సు మీద ప్రత్యేక ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి), 15,000 దాటితే నాన్ కమర్షియల్ క్లాస్ ఎ లైసెన్సు కావాలి. టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ గరిష్ఠ బరువు రేటింగ్ కలిపి 26,000 దాటి, ట్రైలర్ ఒక్కటే 10,000 దాటితే క్లాస్ ఎ.

వారంటీ చాలావరకు ఒక ఏడాదే, కొన్ని కంపెనీలు స్ట్రక్చర్‌కి మూడేళ్లు ఇస్తాయి. అందులోనే ట్రైలర్‌లో శాశ్వతంగా కాపురం ఉంటే వారంటీ వర్తించదని రాసినవి చాలా ఉన్నాయి, ఇల్లు ఖాళీ చేసి అందులోనే ఉందామనుకునేవాళ్లు ఆ లైను వెతికి మరీ చదవండి. కార్లకి ఉండే లెమన్ చట్టం (పదేపదే పాడయ్యే కొత్త బండిని కంపెనీ వెనక్కి తీసుకోవాలనేది) చాలా రాష్ట్రాల్లో లాక్కెళ్లే ట్రైలర్లకి వర్తించదు. విన్ నంబర్‌తో (బండి గుర్తింపు సంఖ్య) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) సైట్లో రీకాల్స్ చూడండి.

డీలర్‌తో సంబంధం లేని ఆర్వీ ఇన్‌స్పెక్టర్ని పెట్టుకోండి, ఎన్ఆర్‌వీఐఏ (ఆర్వీ ఇన్‌స్పెక్టర్ల సంఘం) సర్టిఫికెట్ ఉన్నవాళ్లు చాలా ఊళ్లలో దొరుకుతారు. కొన్ని వందల డాలర్లకు తక్కువ కాదు, అయినా నిండు లక్ష పెట్టేటప్పుడు అది ఖర్చని అనుకోకండి. దొరికిన లోపాలన్నీ రాయించి, రిపేరయ్యాక మళ్లీ చూసుకున్నాకే డబ్బు మొత్తం కట్టండి. "సంతకం పెట్టేయండి సార్, వచ్చే వారం చేసేస్తాం" అంటారు. డబ్బు చేతిలో పడ్డాక అదే సర్వీస్ అపాయింట్‌మెంట్‌కి నెలలు పట్టొచ్చు, ఈలోపు వారంటీ ఏడాది కరుగుతూనే ఉంటుంది.

తీసుకున్నాక మొదటి రెండు మూడు రాత్రులు డీలర్‌కి దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉండండి, ఏం తేలినా వెంటనే వెనక్కి తీసుకెళ్లొచ్చు. ఇంటికి వచ్చే దారిలోనే చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి మళ్లీ బిగించండి. కొత్త చక్రాలకి అవి వదులవుతాయి, ఎంత టార్క్ పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది.