తారు రోడ్డుకూ బండ్ల బాటకూ ఒకే టైరు: సైకిల్‌కు ఎలా ఎంచుకోవాలి?

ఊరు దాటేదాకా తారు, పక్కకు మళ్లితే మొరం, ఆపైన చేన్ల మధ్య బండ్ల బాట. నల్లగొండ, పాలమూరు వైపు సైకిల్ తొక్కేవాళ్లకు ఒక్క పూటలోనే ఈ మూడూ తగులుతాయి. ఇలాంటి దారికి గుబ్బల టైరే సరైనదని చాలామంది అనుకుంటారు. కానీ తారు మీద అది బుయ్యిమని మోగుతూ కాళ్ల సత్తువంతా లాగేస్తుంది. మలుపులో గుబ్బలు వంగి పట్టు సడలుతుంది, నడిమి వరుస తొందరగా అరిగిపోతుంది. మన దారులకు ముందుగా చూడాల్సినవి వెడల్పు, గాలి, ముల్లును ఆపే పొర. గుబ్బల సంగతి ఆ తర్వాత.

1. ఏ నేల మీద తొక్కుతారో చూసుకోండి

మొరం బాటలు, చల్క నేలలు అడుగున గట్టిగా ఉంటాయి, పైన గులకరాళ్లు పలుచగా పరిచినట్టుంటాయి. గుబ్బలు ఆ గట్టి నేలలోకి దిగవు కాబట్టి వెడల్పైన టైరే పట్టు ఇస్తుంది. దుబ్బలోనూ అంతే, సన్న టైరు కూరుకుపోతుంది. సగానికి మించి తారే అయితే 35 నుంచి 40 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. బాటలే ఎక్కువైతే 42 నుంచి 50 తీసుకోండి.

నల్లరేగడి కథ వేరు. వాన పడ్డాక ఆ మట్టి టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డు కింద బిగిసి చక్రాన్నే ఆపేస్తుంది. దానికి ఏ టైరూ మందు కాదు. నేల ఆరేదాకా తారు మీదుగా చుట్టు తిరిగి పోవడమే.

2. పాత టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి

షాపులో ‘26 సైజు’ అని అడిగితే తప్పు టైరు చేతికొచ్చే అవకాశం ఉంది. 26×1.95 టైరు 559 మిల్లీమీటర్ల రిమ్ముకు, 26×1 3/8 టైరు 590 రిమ్ముకు సరిపోతుంది. ఒకటి పట్టేచోట ఇంకొకటి పట్టదు. పాత నల్ల సైకిళ్ల 28×1½ రిమ్ము 635, హైబ్రిడ్ సైకిళ్ల 700సీ రిమ్ము 622. టైరు పక్కన 40-622 లాంటి జంట అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము కొలత. కొత్త టైరులో రెండో అంకె అచ్చంగా అదే ఉండాలి, మొదటిది మాత్రం మార్చుకోవచ్చు.

ఎంతవరకు మార్చవచ్చో ఫ్రేము చెబుతుంది. ఇప్పుడున్న టైరుకు రెండు పక్కలా, పైనా 6 మిల్లీమీటర్ల అలెన్ కీ (ఆరు పలకల బోల్టు విప్పే కడ్డీ) దూర్చి చూడండి. ముందు ఫోర్కు మెడ దగ్గర, వెనక పెడల్ ఇరుసు పక్కన, మడ్‌గార్డు కింద తప్పకుండా చూడాలి. కొత్త టైరు వేశాక కూడా ఆ కీ దూరేంత సందు మిగలాలి. చక్రం కొంచెం వంకర తిరిగినా, ఒక రాయి ఇరుక్కున్నా ఆ సందే ఫ్రేమును కాపాడుతుంది.

3. నడుమ నున్నగా, అంచుల్లో గుబ్బలు

రెండు దారులకూ సర్దుకునే అచ్చు ఇదే: నడుమ నున్నటి పట్టీ లేదా దగ్గర దగ్గరగా చిన్న గీతలు, అంచుల్లో పొట్టి గుబ్బలు. తారు మీద నేరుగా పోతే నడుమ భాగమే నేలకు తగులుతుంది, మెత్తటి నేలలో కాస్త దిగితే అంచులు పట్టుకుంటాయి. తడి తారు మీద నున్నటి టైరు జారుతుందన్న భయం అక్కర్లేదు. సైకిల్ వేగానికి టైరు నీళ్ల మీద తేలదు.

4. ముళ్లు

ఇక్కడ టైరు బతుకు తేల్చేది పల్లేరుకాయ. వానలు వెనకబట్టాక బీడుల్లో, బాటల అంచుల్లో ఎండి రాలుతుంది. ఎలా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటుంది. ఆ ముల్లు పొట్టిది కాబట్టి, రబ్బరు కింద కెవ్లార్ (గట్టి నార) లాంటి రక్షణ పొర ఉన్న టైరు చాలావాటిని ఆపుతుంది. ష్వాల్బే మారథాన్ ప్లస్‌లో ఈ పొర 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దానికి తగ్గట్టు బరువు, ధర కూడా ఉంటాయి. నల్లతుమ్మ, సర్కారు తుమ్మ ముళ్లు పొడుగువి, నిలువునా దిగితే ఏ పొరా ఆగదు. కంప కొట్టి పడేసిన చోట దిగి నడవడమే మేలు.

ట్యూబు కొనేటప్పుడు వాల్వు చూడండి. మోటార్ సైకిల్ లాంటి లావు వాల్వు అయితే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి పడుతుంది. సన్న వాల్వుకు ఇత్తడి అడాప్టర్ కావాలి, ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి.

5. ఎక్కించడం

బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే వైపు పెట్టండి. రిమ్ము పట్టీ పక్కకు జరిగి పుల్లల కొసలు బయటపడ్డాయేమో చూడండి. ట్యూబుకు లోపలి వైపు చిల్లి పడితే తప్పు పుల్లలదే, బయటి వైపైతే ముల్లుది. పాత టైరునే మళ్లీ వేస్తుంటే లోపలంతా పత్తి ఉండతో తుడవండి, ఎక్కడ పోగు పట్టుకుంటే అక్కడ ముల్లు కొస మిగిలినట్టే.

ట్యూబులో గుండ్రంగా నిలిచేంత గాలి పెట్టి, వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి. చివర బిగుసుకుంటే స్క్రూడ్రైవర్ వాడొద్దు, ట్యూబు తెగుతుంది. ఎక్కించిన భాగాన్ని చుట్టూ నొక్కుతూ రిమ్ము నడిమి గాడిలోకి దింపితే వదులు దొరుకుతుంది. వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలండి, టైరు అంచు కింద ట్యూబు ఇరుక్కుంటే బయటపడుతుంది. కొంచెం గాలి కొట్టి, టైరు పక్కనున్న సన్న గీత రిమ్ముకు అంతటా ఒకే ఎత్తులో ఉందా అని చూశాకే మిగతా గాలి.

6. గాలి

బొటనవేలితో నొక్కి చూడటం లెక్కలోకి రాదు, మీటరున్న పంపు కొనండి. 70 కిలోల మనిషికి, ట్యూబు టైరుకు ఈ లెక్కతో మొదలుపెట్టొచ్చు: 38 మిల్లీమీటర్లకు వెనక 55, ముందు 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత); 42కు వెనక 45, ముందు 40; 50కి వెనక 37, ముందు 33. పది కిలోల తేడాకు మూడు నాలుగు పీఎస్ఐ అటూ ఇటూ. టైరు మీద రాసిన గరిష్ఠం ఎప్పుడూ దాటొద్దు.

ట్యూబు మీద పక్కపక్కనే రెండు చీలికలు కనబడితే గాలి తక్కువై, రాయికీ రిమ్ముకూ మధ్య నలిగిందని అర్థం. మూడు నాలుగు పీఎస్ఐ పెంచండి. మొరం మీద చక్రం ఎగిరెగిరి పడుతుంటే అంతే తగ్గించండి. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొట్టిస్తే దగ్గరుండి ఆగాగి పట్టించండి, సైకిల్ ట్యూబు క్షణాల్లో నిండిపోతుంది. ఎండాకాలం పొద్దున 25 డిగ్రీల్లో 45 పీఎస్ఐ కొట్టిన టైరు మధ్యాహ్నం 45 డిగ్రీల్లో 49 పీఎస్ఐ దాకా చేరుతుంది, కాబట్టి గరిష్ఠానికి ఆనేలా నింపకండి. ఎండలో నిలిపిన సైకిల్‌కు టైరు పక్కలు పగులుతాయి. పగుళ్లలోంచి దారాలు కనబడ్డాయంటే గుబ్బలు ఎంత మిగిలినా ఆ టైరు మార్చాల్సిందే.